పట్టాల జాగా: డాలస్ 345 వంతెన వెనక కథ

టెక్సాస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఉన్న ప్లేనో, రిచర్డ్‌సన్‌ల నుంచి పొద్దున్నే డాలస్ డౌన్‌టౌన్‌కి కారులో వెళ్లే తెలుగువాళ్లను 75 నంబరు హైవే గురించి అడగండి, ట్రాఫిక్‌ని గంటసేపు తిడతారు. 345 ఎక్కడుందని అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్ల తప్పు కాదు, ఆ నంబరుతో దారిలో బోర్డే ఉండదు. 75 మీద దక్షిణానికి వస్తుంటే చాలా దూరం రెండు పక్కలా కాంక్రీటు గోడలే, పైన సన్నటి ఆకాశం. వుడాల్ రాడ్జర్స్ ఫ్రీవే వచ్చి కలిసే ఇంటర్‌ఛేంజ్ దగ్గర రోడ్డు ఉన్నట్టుండి గాల్లోకి లేస్తుంది. కుడిచేతి వైపు అద్దాల మేడలు, ఎడమ వైపు డీప్ ఎల్లం అనే పేటలో పాత ఇటుక భవనాల కప్పులు. రెండు నిమిషాల్లో అది కాస్తా ఇంటర్‌స్టేట్ 45 అయిపోయి హ్యూస్టన్ దారి పడుతుంది. మధ్యలో మనం దాటిన 1.4 మైళ్లే ఇంటర్‌స్టేట్ 345.

ఆ వంతెనను పడగొట్టి, అదే ఫ్రీవేని నేలకు దిగువన కందకంలో వెయ్యాలని టెక్సాస్ రవాణా శాఖ 2022లో సిఫారసు చేసింది. 2023 మేలో డాలస్ నగర కౌన్సిల్ సరేనంది. ఖర్చు వంద కోట్ల డాలర్ల పైమాటే. కందకమూ వద్దు, ఫ్రీవే మొత్తం తీసేసి మామూలు వీధులు వెయ్యండి అన్నది అవతలి వాదం. ఈ పేచీ వంతెనతో మొదలైంది కాదు. నన్నడిగితే అసలు తగువంతా వంతెన కింద ఉన్న జాగాది, ఒకప్పటి రైలు పట్టాల జాగాది.

1872లో హ్యూస్టన్ అండ్ టెక్సాస్ సెంట్రల్ రైలు డాలస్ చేరింది. మరుసటి ఏడు టెక్సాస్ అండ్ పసిఫిక్ లైను వచ్చి ఊరికి తూర్పున దాన్ని అడ్డంగా దాటింది. ఆ కూడలి చుట్టూ గోడౌన్లు, దుకాణాలు లేచాయి. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు పట్టాల పక్కనే ఇళ్లు వేసుకున్నాయి, మిగతా ఊళ్లో వాళ్లను రానిచ్చేవాళ్లు లేరు కనక. ఎల్మ్ స్ట్రీట్ తూర్పు కొసను ‘డీప్ ఎల్మ్’ అనేవారు. నోళ్లలో నలిగి అది ‘డీప్ ఎల్లం’ అయింది. బ్లూస్ గాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్ రికార్డులతో పేరు తెచ్చుకోక ముందు ఆ వీధుల్లోనే గిటార్ వాయిస్తూ పాడి పొట్టపోసుకున్నాడు. అక్కడ 1916లో కట్టిన నైట్స్ ఆఫ్ పితియస్ అనే సంఘం భవనానికి ప్లాన్ గీసింది నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ అల్లుడు విలియం సిడ్నీ పిట్‌మన్. ఇప్పుడది హోటల్. రోడ్ల దెబ్బకి నిలబడ్డ కొద్దిపాటి భవనాల్లో అదొకటి.

1908లో ట్రినిటీ నది పొంగి డాలస్‌ను ముంచేసింది. ఊరిని మళ్లీ ఓ పద్ధతిలో పెట్టడానికి జార్జ్ కెస్లర్ అనే ప్లానర్‌ను పిలిపించారు. 1911 నాటి ఆయన ప్లాన్‌లో ఒక ముక్క: ఊరి మధ్యలోంచి సెంట్రల్ రైలు పట్టాలు తీసేసి ఆ జాగాలో బులవార్డ్, అంటే చెట్ల వరసలున్న విశాలమైన వీధి, వెయ్యడం. అది కాగితం మీద ముప్పై ఏళ్లకు పైగా నానింది. చివరికి 1940లలో పని మొదలయ్యేసరికి బులవార్డ్ కాస్తా ఫ్రీవే అయి కూర్చుంది. 1949లో మొదటి ముక్క తెరిచారు. ఆ ఫ్రీవేయే ఇప్పటి 75. దాని అసలు పేరు నార్త్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వేలోని ‘సెంట్రల్’ ఆ రైలు కంపెనీ మిగిల్చి పోయిన మాటే.

ఆ రోడ్డు పని ఫ్రీడ్‌మన్స్ సిమెట్రీ మీదుగా పోయింది. 1869లో విముక్త బానిసలు ఏర్పాటు చేసుకున్న శ్మశానం అది. ఎకరం మేర సమాధుల మీద తారు పరిచేశారు. నలభై ఏళ్ల తర్వాత 75ని వెడల్పు చెయ్యబోతేగాని ఆ విషయం మళ్లీ పైకి రాలేదు. 1990ల మొదట్లో పురావస్తు నిపుణులు తవ్వి తీసిన అవశేషాలు 1,150 మందికి పైగా మనుషులవి. వాళ్లందరినీ అక్కడే, రోడ్డు పక్కన, తిరిగి ఖననం చేశారు. లెమన్ ఎవెన్యూ దగ్గర సర్వీస్ రోడ్డు మీద వెళ్తుంటే కనిపించే స్మారకం 1999 నాటిది. కొత్త 75 పూర్తయిందీ ఆ ఏడాదే. రోజూ ఆఫీసుకి వెళ్తూ దాన్ని చాలాకాలం ఏదో పార్కు గేటనుకున్నాను.

345 వంతు 1970ల మొదట్లో వచ్చింది. అప్పటికే డీప్ ఎల్లం నీరసపడి ఉంది: పట్టాలు పోయాయి, 1956లో స్ట్రీట్‌కార్ పోయింది, ఎల్మ్ స్ట్రీట్‌ను వన్‌వే చేశారు. వంతెన వచ్చి ఎల్మ్ స్ట్రీట్ 2400 బ్లాకును పూర్తిగా తుడిచేసింది. ఆ పేటకి గుండెకాయ ఆ బ్లాకేనని చెప్పుకునేవారు.

  ఈ కథకి కావలసిన ఇంకో రోడ్డు వుడాల్ రాడ్జర్స్. 1983లో పూర్తయిన ఆ ఫ్రీవే నేలకు దిగువన నడుస్తుంది. 2012లో దాని మీద మూత వేసి 5.2 ఎకరాల క్లైడ్ వారెన్ పార్క్ కట్టారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఫొటోలకి తీసుకెళ్లేది అక్కడికే. కింద ఫ్రీవే ఉందంటే వాళ్లు నమ్మరు. 345కి కందకం మంచిదని వాదించేవాళ్లు చూపించేదీ ఈ పార్కునే.

345 ఉక్కులో పగుళ్లు బయటపడి మరమ్మతులు చెయ్యాల్సి వచ్చినప్పుడు, బాగుచెయ్యడం ఎందుకు, తీసేస్తే పోలేదా అన్న మాట గట్టిగా వినబడింది. పడగొడితే డౌన్‌టౌన్ పక్కన బోలెడు భూమి చేతికొస్తుంది. దానికి అడ్డుపడ్డ వాదం కొట్టిపారేసేది కాదు. రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు తిరిగే దారి అది. వాటిలో చాలా కార్లు సౌత్ డాలస్ నుంచి ఉత్తరానికి, అంటే మనబోటివాళ్లు ఇళ్లు కొనుక్కున్న ఊళ్లకు, ఉద్యోగాలకి వెళ్లేవాళ్లవి. సౌత్ డాలస్‌లో ఎక్కువమంది నల్లవాళ్లు, లాటినోలు. ఫ్రీవే కోసం ఒకప్పుడు ఎవరి ఇళ్లు పోయాయో, ఇప్పుడు ఫ్రీవే పోతే ఎక్కువ ఇబ్బంది పడేదీ ఆ వర్గమే. ఎటు తేల్చినా నష్టం అటే వాలుతోంది.

మొన్నో ఆదివారం వంతెన కింద, ఎల్మ్ స్ట్రీట్ పక్కన కారు పెట్టి కాసేపు నిలబడ్డాను. పైన లారీ వెళ్లినప్పుడల్లా జాయింట్ల దగ్గర దబ్ దబ్‌మని రెండు దెబ్బలు. పార్కింగ్ గీతలు, స్తంభాలు, నీడ. ఇక్కడే 2400 బ్లాకు. కొత్త ప్లాన్‌లో ఫ్రీవే కిందికి దిగి, వీధులు దాని మీదుగా దాటుతాయి. మధ్యలో పార్కులకో భవనాలకో మూతలు వేసుకోవచ్చు. కాకపోతే కందకం తవ్వే ఖర్చు రవాణా శాఖది, మూతలకి డబ్బు వెతుక్కోవాల్సింది నగరం.