వెలుగు వేరు, చూపు వేరు: వర్చువల్ టేబుల్‌టాప్‌ల పాత చిక్కు

గోడ అవతల దాగిన శత్రువు ముందే కనిపించడం, కళ్లెదుటే దీపం వెలుగుతున్నా ఆటగాడి తెర నల్లగా ఉండిపోవడం వర్చువల్ టేబుల్‌టాప్ ఆటల్లో, అంటే బల్ల మీద మ్యాప్ పరచి ఆడే ఆటలను కంప్యూటర్ తెర మీద ఆడేటప్పుడు, తరచూ వినిపించే ఫిర్యాదులు. వీటి వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

ఎవరికి ఏది కనిపించాలో నిర్ణయించే పని మొదట్లో మనిషిదే. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్‌విట్జ్ ప్రచురించిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధ క్రీడ నియమాల ప్రకారం, ఒక పక్షానికి నిజంగా కనబడగల దళాలను మాత్రమే మధ్యవర్తి మ్యాప్ మీద ఉంచేవాడు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట వచ్చాక ఆ బాధ్యత ఆట నడిపే గేమ్ మాస్టర్‌కు చేరింది. కాగడా వెలుగు ఎంత దూరం పడుతుందో నియమాలు చెప్పేవి. మూల మలుపు తిరిగాక ఏముందో గేమ్ మాస్టర్ నోటిమాటగా చెప్పేవారు.

కంప్యూటర్ మీదికి వచ్చేసరికి ఈ విచక్షణంతా జ్యామితిగా మారింది. మ్యాప్ మీద గోడలను గీతలుగా గీస్తే, ప్రోగ్రామ్ టోకెన్ (మ్యాప్ మీద పాత్రను సూచించే బొమ్మ) మధ్య బిందువు నుంచి ఆ గీతల చివరలకు కిరణాలు పంపి, చూపు సోకే మేరను ఒక బహుభుజిగా కడుతుంది. రెండు గోడల గీతలు కలవాల్సిన చోట వెంట్రుకవాసి సందు మిగిలినా చాలు, అవతలి గదిలోకి సన్నని వెలుగు చీలిక పడి రహస్యం బయటపడుతుంది.

అసలు చిక్కు మాత్రం ఇంకా లోతైనది. ఒక చోట వెలుగు ఉందా అన్నది ఒక ప్రశ్న, అక్కడికి చూపు చేరుతుందా అన్నది మరో ప్రశ్న. తొలితరం సాధనాలు ఈ రెంటినీ కలిపేశాయి. 2012లో మొదలైన రోల్20 అనే వర్చువల్ టేబుల్‌టాప్ పాత లైటింగ్ పద్ధతిలో, చీకట్లో చూడగల పాత్రకు డార్క్‌విజన్ ఇవ్వాలంటే ఆ టోకెన్ నుంచే వెలుగు వస్తున్నట్టు పెట్టి, దాన్ని ఇతరులకు కనబడకుండా ఆపేవారు. పని జరిగేది కానీ, ఆ పాత్ర నిజంగా చీకట్లోనే ఉందన్న సంగతి ప్రోగ్రామ్‌కు తెలిసేది కాదు. 2020లో విడుదలైన ఫౌండ్రీ అనే మరో సాధనం, 2022 నాటి పదో వెర్షన్‌లో చూసే తీరును, పసిగట్టే తీరును వేర్వేరు అమరికలుగా విడదీసింది. ఈ రంగంలో జరిగిన అతి ముఖ్యమైన మెరుగుదల ఇదేనని నా అభిప్రాయం.

అయినా నియమానికీ ప్రోగ్రామ్‌కూ మధ్య తేడా పూర్తిగా పోలేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమ పుస్తకమైన 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం, మ్యాప్ మీద మనం నిలబడిన గడి నాలుగు మూలల్లో ఏ ఒక్కదాని నుంచి అడ్డులేని గీత అవతలి గడిలో ఏ భాగానికి చేరినా చూపు అందినట్టే. మధ్య బిందువు నుంచి మాత్రమే లెక్కగట్టే ప్రోగ్రామ్, స్తంభం చాటు నుంచి తొంగిచూసే విలుకాడికి న్యాయంగా దక్కాల్సిన బాణాన్ని దక్కనివ్వదు. మూలలన్నిటి నుంచీ లెక్కిస్తే, టోకెన్ కదిలిన ప్రతిసారీ పని అన్ని రెట్లు పెరిగి పాత కంప్యూటర్లు మొరాయిస్తాయి. మినుకుమినుకుమనే జ్వాలలు, రంగుల పొగమంచు చేర్చడానికి ముందు తయారీదారులు ఈ లెక్కను తేలిక చేయడం మీద, గోడల సందులను వాటంతటవే పూడ్చే ఏర్పాటు మీద దృష్టి పెట్టాలి.