నేరేడు పండగానే షుగర్ బిళ్ళ ఆపేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

నేరేడు కాయలు రంగు తిరిగాయని రాయగడలో మా మందుల షాపుకి ముందే తెలిసిపోతుంది. సంతలో కొండ ఆడవాళ్ళు ఆకు దొప్పల్లో పళ్ళు పోసి కూర్చుంటారు. ఒడియావాళ్ళకి జాముకోలి, మనకి నేరేడు. ఆ రోజుల్లో నెలనెలా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళలు పట్టుకెళ్ళే వాళ్ళు కొందరు కనపడరు. బజార్లో ఎదురైతే, "గింజల పొడి వాడుతున్నాను బాబూ, బిళ్ళలు ఆపేశాను" అంటారు సంబరంగా.

నేరేడు గింజల పొడి వాడితే షుగర్ బిళ్ళలు అక్కర్లేదట. కౌంటర్ వెనక నిలబడి విన్న అపోహల్లో నాకు భయం వేసేది ఇదొక్కటే. మిగతావాటితో డబ్బు పోతుంది, దీంతో కాళ్ళు పోతాయి.

నేరేడులో ఏమీ లేదని నేననను. తిన్నాక నాలుక ఊదారంగుకి తిరుగుతుంది చూడండి, ఆ రంగు ఆంథోసయనిన్లది. బ్లూబెర్రీల రంగూ వాటిదే. గింజలో ఎల్లాజిక్ ఆమ్లం లాంటి పాలీఫినాల్స్ ఉన్నాయి. పేగులో పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమును గింజ సారం ల్యాబ్‌లో అడ్డుకుంటుంది. మేం అమ్మే వోగ్లిబోజ్ బిళ్ళ చేసే పనీ అదే. ఎలుకల్లో చక్కెర తగ్గిన పరిశోధనలూ ఉన్నాయి, వాట్సాప్‌లో తిరిగేవి ఎక్కువగా అవే. కానీ పరీక్షనాళికలో సారం నేరుగా ఎంజైము మీద పడుతుంది. మనం మింగిన ఆంథోసయనిన్లలో రక్తంలోకి చేరేది చాలా కొద్ది. బ్రెజిల్‌లో నేరేడాకు టీ మనుషులకిచ్చి చూస్తే చక్కెర తగ్గలేదు. బ్లూబెర్రీల మీద 2010లో అమెరికా నుంచి వచ్చిన పరిశోధనలో, ఆరు వారాలు ఆ పొడి కలిపిన స్మూతీ తాగినవాళ్ళలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసిన మాట నిజమే. అందులో ఉన్నది మొత్తం 32 మంది, వాళ్ళకి షుగర్ జబ్బు లేదు. ఈ చివరి ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

మరి పొడితో తగ్గిందని అంతమంది ఎందుకంటారు? మా మావయ్య సంగతి చెప్తాను. పొడి మొదలెట్టిన పదో రోజున మీటరు తెచ్చి, "చూడరా, 130" అన్నాడు. పొడితోపాటు ఆయన స్వీట్లూ, రాత్రి అన్నమూ మానేసి చోడంబలి తాగుతున్నాడు. పైగా బిళ్ళ ఆపిన మర్నాడే చక్కెర ఎగబాకదు, కొన్ని రోజులు పడుతుంది. పేరు మాత్రం పొడికొచ్చింది. నెల తిరిగేసరికి అన్నం మళ్ళీ కంచంలోకి వచ్చింది, మీటరు బీరువాలోకి వెళ్ళింది. దసరాకి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష, 11 చూపించింది. అప్పటికే అరికాల్లో మేకు దిగి వారమైంది. ఏళ్ళ తరబడి షుగర్‌తో నరాలు మొద్దుబారాయి కదా, నొప్పే తెలియలేదట. రైల్లో విశాఖ తీసుకెళ్ళాం. రెండు వేళ్ళు తీసేశారు. మందులమ్మేవాణ్ణి, ఆ 130 చూసి నేనూ ఏమీ అనలేకపోయాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

టైప్ 1 పిల్లల తల్లులు కూడా ఈ పొడి గురించి అడుగుతారు. రోజూ బిడ్డని సూదితో పొడవాల్సిన అమ్మ అడక్కుండా ఎలా ఉంటుంది? వాళ్ళని కసరకండి. అమ్మా, మీ బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వడం లేదు, ఏ గింజా దాన్ని తయారుచెయ్యలేదు. ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇక చిన్నవి. నేరేడు ఎన్నైనా తినొచ్చా? అందులోనూ చక్కెర ఉంది, గుప్పెడు చాలు. జ్యూస్ తీస్తే పీచు పోతుంది, పండే తినండి. వందలు పోసి బ్లూబెర్రీలు కొనక్కర్లేదు. గ్లిమిపిరైడ్ బిళ్ళో ఇన్సులినో వాడుతూ పొడి కూడా వేసుకుంటుంటే డాక్టరుకి చెప్పండి. చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగండి.

లేబుల్ లేని పొడి మూడు రోజుల్లో చక్కెరని సగానికి దించిందంటే నాకు సంతోషం కాదు, అనుమానం వస్తుంది. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి, చక్కెర దించే ఇంగ్లీషు మందు కలిసి దొరికిన సందర్భాలున్నాయి. మొన్న ఒకాయన అలాంటి పొట్లమే తెచ్చి, ఇది మీ షాపులో దొరుకుతుందా అనడిగాడు. పొట్లం పారెయ్యకుండా డాక్టరుకి చూపించమని, ఈలోగా ఒక్క చెంచా కూడా వేసుకోవద్దని చెప్పి పంపాను.