హేతువు చేతులు మారిన కథ

చెన్నైలో నలుగురు తెలుగువాళ్లు కూడినచోట ‘ఆయన హేతువాదండీ’ అన్నారంటే, ఆ మనిషి దేవుణ్ణి నమ్మడని అర్థం. అదే ఊళ్లో తర్కసంగ్రహం అనే న్యాయశాస్త్రపు, అంటే తర్కశాస్త్రపు, పాఠ్యపుస్తకం ముందు పెట్టుకున్న విద్యార్థికి మాత్రం హేతువు అన్న మాట, దేవుడున్నాడని రుజువు చేసే వాక్యంలోనే ఎదురవుతుంది. విశ్వాసానికీ వివేచనకూ పొసగదని ఇవాళ అందరూ తేలిగ్గా అనేసే మాట వెనక ఈ పదం చేసిన ప్రయాణం చాలా ఉంది. అది తెలియకుండా వాదానికి దిగితే ఇద్దరూ చెరో అర్థం పట్టుకుని గొంతు చించుకోవడమే అవుతుంది.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు. కాశీకి పోయినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాడని సంస్కృతంలో సామెత పుట్టేంత పేరు ఆయనది. ఎదుటివాణ్ణి ఒప్పించాలంటే వాక్యానికి అయిదు మెట్లు ఉండాలని ఈ శాస్త్రం చెబుతుంది. కొండ మీద నిప్పు ఉంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది గనక, ఇది హేతువు. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. కాబట్టి నిప్పు ఉంది, ఇది నిగమనం. బరువంతా మూడో మెట్టు మీదే పడుతుంది. పొగకూ నిప్పుకూ ఉన్న జంట ఎక్కడా తప్పకూడదు. దాన్నే వ్యాప్తి అంటారు.

ఇదే అచ్చులో దేవుణ్ణి పోసిన వాక్యం అన్నంభట్టు స్వయంగా రాసుకున్న వ్యాఖ్య దీపికలో ఉంది: ‘అంకురాదికం సకర్తృకం, కార్యత్వాత్, ఘటవత్.’ మొలక లాంటివాటికి ఒక కర్త ఉన్నాడు, అవి పుట్టినవి గనక, కుండలాగా. కర్త అనిపించుకోవాలంటే మూడు ఉండాలి: చేసే వస్తువుకు మూలమైన సరుకును నేరుగా ఎరిగి ఉండడం, చేయాలన్న కోరిక, ప్రయత్నం. కుమ్మరికి మట్టి తెలుసు. మొలకకు మూలం వెతుక్కుంటూ పోతే పరమాణువుల దగ్గర ఆగుతాం. వాటిని నేరుగా ఎరిగినవాడు మనలాంటివాడు కాలేడు. కర్తకు సర్వజ్ఞత్వం వచ్చింది స్తోత్రంలోంచి కాదు, ఈ లెక్కలోంచి.

ఈ దారిని అందరికన్నా లోతుగా తవ్వినవాడు 10వ శతాబ్దపు మిథిల పండితుడు ఉదయనుడు. న్యాయకుసుమాంజలిలో ఆయన ఇచ్చిన హేతువుల్లో ఒకటి లెక్కకు సంబంధించింది. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. దాని పరిమాణం పరమాణువు పరిమాణంలోంచి రాదు, ‘రెండు’ అన్న సంఖ్యలోంచి వస్తుంది. ‘రెండు’ అన్నది లెక్కపెట్టే బుద్ధి ఉంటేనే పుడుతుంది. సృష్టి మొదట్లో జీవులెవరికీ దేహం లేదు, తలపు లేదు. మరి లెక్కపెట్టిన బుద్ధి ఎవరిది? ఇవాళ్టి భౌతికశాస్త్రం ముందు ఈ వాదం నిలబడకపోవచ్చు, కానీ ఇందులో ఉన్న ఓపిక చూడండి. పైగా ఉదయనుడు ఈ తర్కాన్ని దేవుడికి పెట్టే పరీక్షగా చెప్పుకోలేదు. వినడం, మననం చేయడం, ధ్యానించడం అని ఉపనిషత్తు చెప్పిన మూడింటిలో మననం ఇదేనని, ఇది ఉపాసనే అని మొదట్లోనే రాసుకున్నాడు. పూరీలో గుడి తలుపులు మూసి ఉంటే, ‘బౌద్ధులు మళ్లీ వచ్చిన రోజున నీ ఉనికి నా చేతిలోనే ఉంటుంది’ అని జగన్నాథుడితోనే అన్నాడని కథ. నిజంగా జరిగినా జరగకపోయినా, తార్కికులు తమ పనిని ఎంత సొంతం చేసుకున్నారో ఆ కథ చెబుతుంది.

ఇంతకీ వాక్యం ఎక్కడ తప్పుతుంది? నిప్పు ఉంది గనక పొగ ఉంది అని తిప్పి చెబితే కుదరదు, ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంది, పొగ లేదు. పొగకు నిప్పు ఒక్కటే చాలదు, పచ్చి కట్టె కూడా కావాలి. ఇలా చాటున ఉండిపోయే షరతును ఉపాధి అంటారు. దేవుడి వాక్యంలోనూ అలాంటి ఉపాధి దాగి ఉందని ప్రతిపక్షులు పట్టుకున్నారు. కుండ, బట్ట, ఇల్లు, మనం చూసిన చేసిన వస్తువులన్నీ ఒళ్లున్నవాడు చేసినవే. మొలక అలాంటిది కాదు. అలాంటప్పుడు కుండను చూపించి మొలక గురించి ఎలా చెబుతారు?

ఈ గొడ్డలి దెబ్బ నాస్తికుడొక్కడే వేశాడనుకుంటే పొరపాటు. చెన్నైకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీపెరుంబుదూరులో పుట్టిన రామానుజులు బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో ‘శాస్త్రయోనిత్వాత్’ అనే సూత్రం దగ్గర ఆగి, ఈ అనుమానాన్ని, అంటే హేతువు పట్టుకుని తేల్చే ఈ వాదాన్ని, ముక్కముక్కలు చేశారు. కొండలూ సముద్రాలూ చేసినవే అనుకుందాం. అవన్నీ ఒకే కాలంలో పుట్టాయని, ఒక్కడే చేశాడని ఎక్కడుంది? లోకంలో వేర్వేరు వస్తువులు వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు చేస్తున్నారు. కుమ్మరి పోలికను గట్టిగా పట్టుకుంటే దేవుడికీ ఒళ్లు, సారె, కష్టం అంటుకుంటాయి. వదిలేస్తే చేతిలో ఉదాహరణే లేదు. కాబట్టి దేవుడు శాస్త్రం, అంటే వేదం వల్లనే తెలుస్తాడు. ఈ మాటలన్నది తిరువల్లిక్కేణి గుళ్లోనూ తెలుగు వైష్ణవుల ఇళ్లలోనూ రోజూ తలుచుకునే ఆచార్యుడు. దేవుణ్ణి తర్కంతో నిరూపించలేరని మన దగ్గర గట్టిగా చెప్పినవాళ్లలో మహాభక్తులున్నారన్న సంగతి మా లెక్కలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైనది.

అయితే శాస్త్రాన్ని నమ్మడం అంటే కళ్లు మూసుకోవడమా? దాన్నీ వాళ్లు వదల్లేదు. విన్నమాట, అంటే శబ్దం, ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడై ఉండాలి. దేవుడు చెప్పాడు గనక వేదం నిజం, వేదం చెప్పింది గనక దేవుడు ఉన్నాడు అంటే అన్యోన్యాశ్రయం, గానుగెద్దు తిరుగుడు. న్యాయశాస్త్రం వాళ్లు, అంటే నైయాయికులు, వేదాన్ని పక్కన పెట్టి విడిగా అనుమానం కట్టాల్సి వచ్చింది ఇందుకే. వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకులు ఇంకో దారి పట్టారు: వేదానికి చెప్పినవాడే లేడు, చెప్పేవాడి లోపం అంటదు. ఆ దారిలో కుమారిలుడు జగత్తుకు కర్త ఉన్నాడన్న మాటనే కొట్టేశాడు. వేదం మీద అంత భక్తి, కర్త అక్కర్లేదన్న అంత తెగింపు ఒకే మనిషిలో ఉన్నాయి.

విన్నమాటా సందేహమూ పక్కపక్కనే ఉండడం తెలుగువాళ్లకు పోతన గజేంద్రుడి నోట బాగా తెలుసు. దీనుల పట్ల కలడందురు, యోగుల పాల కలడందురు, అన్ని దిశలా కలడందురు. మూడుసార్లూ ‘అందురు’. అది విన్నమాట, శబ్దప్రమాణం. నాలుగో పాదంలో ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’. అది సంశయం. న్యాయశాస్త్రపు 16 పదార్థాల్లో, అంటే తెలుసుకోవాల్సిన అంశాల్లో, సంశయానికీ చోటుంది, విచారణ మొదలయ్యేదే అక్కడ. మన ఇళ్లలో పిల్లలకు భక్తి పద్యంగా నేర్పేది ఈ సందేహాన్నే.

హేతువు అన్న పదం పక్షం మారింది మద్రాసులో. అయితే దాని మీద శంక నీడ అంతకుముందే ఉంది. హేతుశాస్త్రాన్ని ఆసరా చేసుకుని వేదాన్ని తీసిపారేసేవాణ్ణి వెలివేయమని మనుస్మృతి చెప్పింది. 19వ శతాబ్దంలో మిషనరీ కళాశాలలు విశ్వాసానికీ బుద్ధికీ మధ్య యూరప్ తగవును మోసుకొచ్చాయి. నిజానికి అక్కడా అది ఒక్క తీరుగా లేదు. దేవుడున్నాడన్నంతవరకు బుద్ధికి అందుతుంది, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వం మాత్రం దైవప్రకటన వల్లనే తెలుస్తుంది అని 13వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు అక్వినాస్ హద్దు గీశాడు. సహజబుద్ధితో దేవుణ్ణి నిశ్చయంగా తెలుసుకోవచ్చని 1870లో వాటికన్ మహాసభ ప్రకటించింది. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1781లోనే ఆ నిరూపణలు చెల్లవన్నాడు. ఏసు గాయాలు తాకితే గానీ నమ్మనన్న శిష్యుడు తోమా సమాధి మద్రాసులోని శాంథోమ్‌లో ఉందని సంప్రదాయం. ‘చూడక నమ్మినవారు ధన్యులు’ అన్న మాట ఏసు ఆయనతో అన్నదే, అయితే ఆయనకు గాయాలు చూపించాకే అన్నది.

1864లో బెంగాల్ బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేన్ వచ్చి వెళ్లాక మద్రాసులో వేదసమాజం వెలిసింది. శ్రీధరులు నాయుడు 1871లో దాన్ని దక్షిణ భారత బ్రహ్మసమాజంగా మార్చాడు. పేరులోంచి వేదం పోయింది, దేవుడు మిగిలాడు. 1880ల్లో మద్రాస్ సెక్యులర్ సొసైటీ ఇంగ్లీషులో ‘ది థింకర్’, తమిళంలో ‘తత్త్వవివేచిని’ నడిపి దేవుణ్ణీ వదిలేసింది. 1925లో పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం ఆ వాదాన్ని వీధుల్లోకి తెచ్చింది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పట్లో జార్జ్‌టౌన్‌లో ఉన్న క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1908లో వేదాంతంలో నీతి గురించి సిద్ధాంత వ్యాసం రాశారు. మిషనరీల విమర్శలు తన నమ్మకాన్ని కదిలించాయని, అందుకే వేదాంతాన్ని తిరిగి చదివానని తర్వాత చెప్పుకున్నారు. ఆయన గురువుల్లో ఒకరైన హాగ్, విశ్వాసం వేరు, దాన్ని మాటల్లో పెట్టిన సిద్ధాంతాలు వేరు అని బోధించేవారు. రాధాకృష్ణన్ తేల్చింది అనుభవం దగ్గర: తర్కం దాకా వచ్చి దాటేది, తర్కానికి విరుద్ధం కానిది. గోరా ఇదే నగరంలోని ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అన్నంభట్టు కర్తను వెతికిన మొలక దగ్గర ఈ వృక్షశాస్త్ర విద్యార్థికి కర్త అవసరం కనబడలేదు.

శ్రద్ధ అన్న మాట కూడా ఇలాగే జారిపోయింది. గురువు మాటా శాస్త్రమూ నిజమన్న నిశ్చయాన్ని శ్రద్ధ అనేవారు. ఇవాళ తెలుగులో శ్రద్ధగా చదువు అంటే మనసు పెట్టి చదువు అని. తర్కసంగ్రహం పాఠంలో మాత్రం హేతువుకు పాత అర్థమే నడుస్తోంది. విద్యార్థి ముందు పొగ, కొండ, నిప్పు దాటి, పచ్చి కట్టె దగ్గర ఉపాధి నేర్చుకుంటాడు. మొలకకు కర్త ఉన్నాడన్న వాక్యం చేతికొచ్చేసరికి, దాన్ని ఎక్కడ పట్టుకుని విరవాలో కూడా అతనికి తెలిసే ఉంటుంది.