ల్యాప్‌టాప్ బ్యాటరీ: కొనే ముందు మూత విప్పండి

మొన్న రాజోలు వైపు నుంచి ఒకబ్బాయి డెల్ లాటిట్యూడ్ 5480 పట్టుకుని అమలాపురంలో మా షాపుకొచ్చాడు. చేతిలో ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్త బ్యాటరీ. "మోడల్ నంబరు చూసే కొన్నానండీ, బిగించేయండి చాలు" అన్నాడు. అడుగు మూత విప్పి పక్కపక్కన పెడితే కొత్తది పాతదాని కంటే బాగా పెద్దది. హార్డ్ డిస్కు కూర్చున్న చోటు దాకా వచ్చేస్తోంది.

అపోహ: ల్యాప్‌టాప్ మోడల్ ఒకటే అయితే బ్యాటరీ ఒకటే.

ఆ అబ్బాయి తప్పేం లేదు, అందరూ అలాగే కొంటారు. కానీ ఈ 5480కే కంపెనీ 51 వాట్ అవర్ల (బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత) మూడు సెల్లుల బ్యాటరీ ఇచ్చింది, 68 వాట్ అవర్ల నాలుగు సెల్లులదీ ఇచ్చింది. పెద్దది పెడితే 2.5 అంగుళాల హార్డ్ డిస్కుకి చోటుండదు. ల్యాప్‌టాప్ అడుగున ఉండేది ల్యాప్‌టాప్ నంబరు. మనకి కావాల్సింది బ్యాటరీ ఒంటి మీద ఉండే పార్ట్ నంబరు. హెచ్‌పీ వాటి మీద హెచ్‌టీ03ఎక్స్ఎల్ లాంటిది, డెల్ వాటి మీద అయిదక్షరాల కోడు. పాతది విప్పి, లేబులు మొత్తం కనబడేలా ఫోటో తీసుకుని, ఆ తర్వాతే ఆర్డరు పెట్టండి. కనెక్టర్‌కి ఎన్ని పిన్నులు, వైరు ఏ పక్క నుంచి వస్తోంది, స్క్రూ రంధ్రాలు ఎక్కడున్నాయి అన్నవి కూడా ఆ ఫోటోలోకి రావాలి. విప్పడం చేతకాకపోతే దగ్గర్లో ఏ షాపుకైనా వెళ్లండి, అయిదు నిమిషాల పని.

అపోహ: వోల్టులు పాయింటు తేడా వచ్చినా పాడైపోతుంది. / కాస్త అటూఇటూ అయితే ఏమీ కాదు.

రెండూ వింటుంటాను, రెండూ సగం సగమే నిజం. సెల్లులు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటే వోల్టులు కలుస్తాయి. 10.8, 11.1 అని రాసున్నవి రెండూ మూడు సెల్లుల వరసవే. సెల్లుని ఒకరు 3.6 అని లెక్కేశారు, ఇంకొకరు 3.7 అని. అక్కడ గాభరా అక్కర్లేదు. 11.1, 11.4 మాత్రం ఒకటనుకోవద్దు. మొదటిదాంట్లో సెల్లు 4.2 వోల్టుల దాకా నిండుతుంది, రెండోదాంట్లో 4.35 దాకా. ఇక 14.8 అంటే నాలుగు సెల్లుల వరస, ఆ దారే వేరు. చెప్పొచ్చేదేమిటంటే, ఇందాకటి 5480లో చిన్న బ్యాటరీ 11.4 వోల్టులు, పెద్దది 7.6! పెద్దదాంట్లో నాలుగు సెల్లులున్నా రెండేసి చొప్పున జతకట్టి, రెండు జతలనే వరసలో పెట్టారు. బోర్డుని రెండిటికీ తగ్గట్టు కంపెనీయే తయారుచేసింది కాబట్టి చెల్లింది. అది చూసి మనం ఇంట్లో ప్రయోగాలు మొదలెట్టకూడదు.

అపోహ: ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్లు) ఎక్కువున్నదే ఎక్కువసేపు వస్తుంది.

మన కాలవ వెడల్పొక్కటే చూసి ఎన్నెకరాలు పారుతుందో చెప్పలేం కదా, లోతు కూడా చూడాలి. ఇదీ అంతే: ఎంఏహెచ్ వెడల్పనుకుంటే వోల్టులు లోతు. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు. 11.1 వోల్టుల 3400 ఎంఏహెచ్ అంటే దాదాపు 37.7 వాట్ అవర్లు. 14.8 వోల్టుల 2600 అంటే 38.5. అంకె చిన్నదైనా రెండోదే కాస్త పైన ఉంది. పోల్చాల్సింది వాట్ అవర్లని. ఇంకోటి: పాతరకం గుండ్రటి సెల్లుల బ్యాటరీల్లో మంచి సెల్లు 3500 దగ్గర ఆగుతుంది. 11.1 వోల్టుల ఆరు సెల్లుల దాంట్లో రెండేసి సెల్లుల జతలు మూడు వరసలో ఉంటాయి, అంటే 7000 దగ్గరే ఆగాలి. దాని మీద 10000 అని రాసుంటే, రాసినవాడి ధైర్యానికో దండం పెట్టి పక్కన పెట్టేయండి.

అపోహ: కంపెనీదే కొనాలి, మిగతావన్నీ డూప్లికేటే.

దొరికితే కంపెనీదే మేలు. కానీ ఏళ్ల తరబడి అల్మారాలో పడున్న ఒరిజినల్ కూడా వాడకుండానే ముసలిదైపోతుంది. అందుకే తయారీ తేదీ అడగండి. కంపాటిబుల్ (వేరే కంపెనీ చేసిన, మన మోడల్‌కి సరిపోయేది) కొంటుంటే లేబులు మీద ఐఎస్ 16046 అనే ప్రమాణం నంబరు, ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరునుందో తెలుస్తుంది.

అపోహ: కొత్తదాన్ని మొదట ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాలి.

అది నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. నిండితే దానంతటదే ఆగుతుంది.

అపోహ: చార్జ్ ఎక్కట్లేదంటే బ్యాటరీ పోయినట్టే.

డబ్బులు ఎక్కువగా దండగయ్యేది ఇక్కడే. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ (బ్యాటరీ ఎక్కువకాలం మన్నేందుకు పెట్టిన సెట్టింగు) ఆన్‌లో ఉంటే 60 శాతం దగ్గరో 80 శాతం దగ్గరో కావాలనే ఆపుతుంది. డెల్ చార్జర్ మధ్య పిన్ను వంగితే ల్యాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. సముద్రం పక్క ఊళ్లవాళ్లు కనెక్టర్ మీద చిలుము కూడా చూసుకోవాలి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయండి: డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది) 41 వేలు, ఫుల్ చార్జ్ (ఇప్పుడు పట్టేది) 38 వేలు అని ఉంటే బ్యాటరీ జోలికి పోవద్దు. ఫుల్ చార్జ్ 15 వేలకి పడిపోతే మార్చండి.

టచ్‌ప్యాడ్ నొక్కుడు పడట్లేదని ఒక టీచరుగారు తెచ్చారు. విప్పితే కింద బ్యాటరీ అప్పడంలా ఉబ్బి దాన్ని పైకి నెడుతోంది. అలా అయితే ఇక రిపోర్టులేవీ అక్కర్లేదు. చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, నొక్కకుండా, గుచ్చకుండా తీసుకురండి. నేను ఉబ్బినవాటిని షాపు వెనకాల ఇసక పోసిన రేకు డబ్బాలో పెట్టి, ఈ-వేస్టు తీసుకునేవాళ్లకి ఇస్తాను. పాతినుప సామాన్లవాడికి మాత్రం వేయను.