బెలూన్ తీసేశాక ఏమవుతుంది?

ఊబకాయానికి ఎండోస్కోపీ చికిత్స (నోటి గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి చేసేది) ఉందని తెలియగానే చాలామంది ముందు అడిగేది "ఎన్ని కిలోలు తగ్గుతాను?" అని. తగ్గిన బరువు ఎన్నాళ్లు నిలుస్తుందో అడగడం అంతకన్నా ముఖ్యం. ఇందులో రెండు పద్ధతులున్నాయి: జీర్ణాశయంలో బెలూన్ ఉంచడం, దాన్ని లోపలి నుంచి కుట్లతో ఇరుకు చేయడం. వీటి మధ్య అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

రెండింటిలోనూ పొట్ట మీద కోత ఉండదు. బెలూన్ పద్ధతిలో మెత్తని సిలికాన్ సంచిని నోటి ద్వారా జీర్ణాశయంలోకి దించి, సుమారు అర లీటరు సెలైన్‌తో నింపుతారు. దాంతో కాస్త తినగానే కడుపు నిండిపోతుంది, తిన్నది కిందికి జారడమూ నెమ్మదిస్తుంది. మొదటి కొన్ని రోజులు వికారం, వాంతులు గట్టిగానే పీడిస్తాయి. తట్టుకోలేక ముందే తీయించుకునేవాళ్లూ ఉన్నారు. సెలైన్‌లో నీలం రంగు కలపడం ఒక మంచి జాగ్రత్త: బెలూన్ కారితే మూత్రం రంగు మారి విషయం బయటపడుతుంది. సాధారణంగా శరీర బరువులో పదో వంతు దాకా తగ్గుతుంది. అయితే ఎక్కువ రకాల బెలూన్లను 6 నెలలకు తీసేయాలి. ఆ తర్వాత చాలామందికి కొంత బరువు తిరిగొస్తుంది. దీనికి మనిషిని తప్పుపట్టడం అన్యాయం. బరువు తగ్గిన శరీరం ఆకలిని పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గించుకుంటుంది.

రెండోది ఎండోస్కోపిక్ స్లీవ్ గ్యాస్ట్రోప్లాస్టీ. మత్తు ఇచ్చి, ఎండోస్కోప్ చివర అమర్చిన కుట్టు పరికరంతో జీర్ణాశయం గోడను లోపలి నుంచే మడిచి కుడతారు. లోపలి చోటు బాగా ఇరుకవుతుంది. జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తొలగించే స్లీవ్ సర్జరీ అనే ఆపరేషన్‌లోలా ఇక్కడ ఏ భాగాన్నీ కోసి తీసేయరు. 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన మెరిట్ అధ్యయనంలో 209 మంది పాల్గొన్నారు. ఏడాదికి ఈ కుట్లు వేయించుకున్నవారి బరువు సగటున 13.6 శాతం తగ్గింది, కేవలం జీవనశైలి మార్పులు చేసుకున్నవారిలో 0.8 శాతమే. నాకు మరింత విలువైనదిగా తోచింది రెండేళ్ల లెక్క: కుట్లు వేయించుకున్నవారిలో అప్పటిదాకా గమనించిన 60 మందిలో 41 మంది, తమకున్న అదనపు బరువులో (ఆరోగ్యకరమైన బరువుకు మించి ఉన్నదానిలో) కనీసం నాలుగో వంతు తగ్గి, అది తిరిగి రాకుండా నిలుపుకోగలిగారు. తీవ్రమైన దుష్ప్రభావాలు 2 శాతం మందిలో కనిపించాయి. ప్రాణాపాయం కలగలేదు.

స్లీవ్ సర్జరీతో బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది కాబట్టి, ఊబకాయం మరీ ఎక్కువగా ఉన్నవారికి ఆ ఆపరేషనే బలమైన దారి. దానికి సిద్ధంగా లేనివారికి, నా దృష్టిలో, బెలూన్ కంటే కుట్లు మేలు. బెలూన్‌కూ తగిన సందర్భం ఉంది. మరో పెద్ద ఆపరేషన్‌కు ముందు రిస్క్ తగ్గించడానికి కొన్ని నెలల్లో కొంత బరువు దిగాల్సినప్పుడు, అది తాత్కాలికం కావడం లోపమేమీ కాదు.