మరులమాతంగి, దాని దూరపు చుట్టం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న స్వర్ణముఖి ఒడ్డున నడిచి వచ్చాక నా పంచె అంచుకు పట్టుకొన్న ముళ్లకాయలను ఒక్కొక్కటే పీకుతూ, ‘ఇది మందుమొక్కేనా తాతా?’ అని అడిగారు కదా, ఆ జవాబు బాకీ ఉండిపోయింది. దాని పేరు మరులమాతంగి. మందుమొక్కే, విషపుమొక్క కూడా. ఆ విషం సంగతి తెలియాలంటే ముందు దాని దూరపు చుట్టాన్ని గురించి చెప్పాలి.

మధ్యధరా సముద్రపు దేశాలలో నేలనంటి పెరిగే ముళ్లమొక్క ఒకటుంది. శాస్త్రనామం అట్రాక్టిలిస్ గమ్మిఫెరా. మొరాకోలో అద్దాద్ అంటారు. దాని వేరును నాటువైద్యంలో వాడుతారు. మొక్కనుండి కారే జిగురును చూయింగ్ గమ్ అనుకొని నమిలి ప్రాణం మీదికి తెచ్చుకొన్న పిల్లలూ ఉన్నారు. ఇందులోని అట్రాక్టిలోసైడ్ అనే విషాన్ని 1868లో లెఫ్రాంక్ అనే శాస్త్రవేత్త వేరుచేశాడు. దానికి తోడుగా ఉండే కార్బాక్సీ అట్రాక్టిలోసైడ్ ఇంకా గట్టిది.

మన ఊరి పాలకేంద్రాన్ని తలచుకోండి. వ్యాను ఖాళీ క్యాన్లు దించి, నిండు క్యాన్లు ఎక్కించుకొని పోతుంది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకూ అటువంటి వాకిలే ఉంది: ఏడీపీ అనే ఖాళీ క్యాను లోపలికి పోతే, శక్తి నిండిన ఏటీపీ బయటికి వస్తుంది. ఈ విషాలు సరిగ్గా ఆ వాకిలికే అడ్డం పడతాయి. శక్తి కరువైన కణం ఉన్న చక్కెరను గబగబా కరిగించుకొంటుంది, కాలేయం కొత్త చక్కెర తయారు చేయలేదు. అందుకే రోగికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. వాంతులు, కడుపునొప్పి చాలా గంటలు గడిచాక గాని మొదలుకావు. విరుగుడు మందు లేదు. మూలిక అయితే అపాయం లేదనే మాట నాకు ఏనాడూ రుచించకపోవడానికి ఇదొక కారణం.

మన మరులమాతంగి గింజలలోనూ, రెండాకుల మొలకలలోనూ ఉన్నది ఆ కార్బాక్సీ అట్రాక్టిలోసైడే. 2007లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో ఈ మొలకలను ఆకుకూరగా వండుకొని తిన్నవారిలో 76 మంది జబ్బుపడగా 19 మంది చనిపోయారు. వానలు పడ్డాక చెంచలాకు, గురుగాకు ఏరడానికి అవ్వ వెంట గట్ల మీదికి పోయేటప్పుడు, దళసరిగా, పొడవుగా ఉన్న జంట ఆకుల మొలకను తట్టలో వేయకండి.

మీరు వెళ్లాక ఒక కాయను కత్తితో నిలువునా చీల్చాను. లోపల రెండు అరలు, అరకొక గింజ. సాధారణంగా ఒకటి ముందు మొలుస్తుంది, రెండవది మరుసటి ఏటి దాకా కూడా ఆగుతుంది. గట్టు మీద ఎంత పీకినా మళ్లీ వచ్చేది అందుకే.