ఇంకో అయిదు గింజలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మామ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ అబ్బాయి వారానికి రెండుసార్లే వస్తాడు. మిగతా రోజుల్లో ఒక గిన్నెలోని చింతగింజలు ఒక్కొక్కటీ తీసి ఇంకో గిన్నెలో వెయ్యాలి. నాలుగు గింజలయ్యేసరికి ఎడమచెయ్యి సాయానికి వచ్చేస్తుంది. అక్కడే వస్తుంది చిక్కు. దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడులో మిగతా భాగాలు నేర్చుకోవాలంటే ఆ కుడిచెయ్యే మళ్లీ మళ్లీ కదలాలి. పక్కన ఎవరైనా కూర్చుని లెక్కపెడుతుంటే మామ్మ ఇరవై దాటిస్తుంది.

అలా పక్కన కూర్చునే రోబోలూ ఉన్నాయి. వాటికి 2005లో డేవిడ్ ఫైల్-సీఫర్, మాయా మటారిచ్ అనే పరిశోధకులు 'సోషల్లీ అసిస్టివ్ రోబోలు' (మాటతో, తోడుతో సాయపడే రోబోలు) అని పేరు పెట్టారు. ఇవి రోగిని ఎత్తవు, పట్టుకోవు. చేతికి కట్టిన సెన్సరును బట్టి కదలికను గమనిస్తాయి, చెయ్యి ఆగితే పలకరిస్తాయి. ఆ పలకరింపు అందరికీ ఒకేలా పనిచెయ్యదు. మటారిచ్ బృందం ప్రయోగాల్లో, నలుగురితో కలివిడిగా ఉండేవాళ్లు సవాలు చేసే రోబోను ఇష్టపడితే, ముభావంగా ఉండేవాళ్లు మెత్తగా మాట్లాడే రోబోను ఇష్టపడ్డారు.

జపాన్‌లో తకనోరి షిబాతా తయారుచేసిన 'పారో' రోబో చూడటానికి సీల్ అనే సముద్రజంతువు పిల్లలా ఉంటుంది. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమురుతారు. పిల్లినో కుక్కనో చేస్తే జనం అసలుదానితో పోల్చి పెదవి విరుస్తారు. సీల్‌ని దగ్గరగా చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ పేచీ లేదు. ఎంత చక్కటి ఆలోచనో!

మాట దగ్గర మాత్రం ఆ ఉపాయం పారదు. మామ్మకి తన భాష బాగా తెలుసు. వార్తలు చదివినట్టు 'మీరు వ్యాయామం కొనసాగించండి' అంటే అటు తిరిగి పడుకుంటుంది. 'మామ్మా, ఇంకో అయిదెయ్యి' అనాలి. సవర గిరిజన పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. వైద్యానికీ అదే వర్తిస్తుందని నా నమ్మకం.

మామ్మ బజారులో ఒడియా మాట్లాడేది. నొప్పి వస్తే మాత్రం తెలుగే. పైగా పక్షవాతం వల్ల మాట ముద్దగా వస్తోంది. స్పష్టమైన గొంతులతో నేర్పిన యంత్రానికి అది అందడం కష్టం. 'ఇంకేటి సెయ్యమంటావురా' అని మామ్మ అన్నప్పుడు అది అలసటో విసుగో రోబోకి తెలియాలి. అలసటైతే గిన్నె పక్కన పెట్టించాలి. విసుగైతే కాసేపు కబుర్లు చెప్పి ఇంకో అయిదు గింజలు వేయించాలి.